ఇల్లా అంత, ఇల్లంతా

మా అమ్మ నమాజు చదివితే పక్కగదిలోకి వినిపించేది. నిజానికి వినిపించకూడదు. తన మాట తనకు వినబడేంత మెల్లగా చదువుకుంటే చాలని నియమం. కానీ మేముండేది బోరబండలో. కింద ఆటో స్టాండు, ఎదురుగా వెల్డింగ్ షాపు, పైవాటాలో ఎక్కాల ట్యూషన్. ఆ గోలలో తన మాట తనకు వినబడాలంటే అమ్మ ఆ మాత్రం గొంతు ఎత్తక తప్పదు. అందుకని లాప్‌టాప్ ముందు కూర్చున్న నాకు, తల తిప్పకుండానే అమ్మ నమాజు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. నా మీటింగులో ఉన్నవాళ్ళకు కూడా తెలిసేది. ఒకసారి మా మేనేజరు, "మీ వెనక ఎవరో చాలా ప్రశాంతంగా మాట్లాడుతున్నారు, ఆవిడని కూడా కాల్‌లో కలపండి" అన్నాడు.

నమాజు చివర్లో, ఇక సలాం చెప్పి ముగించబోయే ముందు, కూర్చుని చదివే ఒక దువా ఉంది. క్షమ అడిగే దువా. "అల్లాహుమ్మ ఇన్నీ జలమ్తు నఫ్సీ" అని మొదలవుతుంది. ఓ అల్లా, నా మీద నేనే చాలా జులుం చేసుకున్నాను, పాపాలను క్షమించేవాడు నువ్వు తప్ప మరొకడు లేడు, నన్ను క్షమించు, నన్ను కరుణించు అని దాని భావం. జులుం అంటే మన జులుమే. అరబ్బీ నుంచి బయలుదేరి ఎవరెవరి నోళ్ళలోనో నలిగి తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ మాట. మా ఊరి సంతలో దాదాగిరీ చేసేవాళ్ళ పనికి ఆ మాటే వాడేవాళ్ళం. మన మీద మనమే జులుం చేసుకోవడం అన్న ఆలోచన నాకు మొదటి నుంచీ నచ్చింది. సొంతంగా రౌడీని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకు అదొక సదుపాయం.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో అందరికీ మేము సాయిబులం. హైదరాబాదు వచ్చాక ఇక్కడి సాయిబులకు మేము తెలుగువాళ్ళం. రెండు చోట్లా మర్యాదకు లోటు లేదు, సొంత కుర్చీ మాత్రం లేదు. అమ్మకు ఉర్దూ రాదు, అరబ్బీ అక్షరాలు అసలే రావు. పెళ్ళయిన కొత్తలో నాన్న ఆమెకు ఒక పసుపు అట్ట పుస్తకం కొనిపెట్టాడు. నమాజులో చదవాల్సినవన్నీ తెలుగు అక్షరాల్లో ఉంటాయి అందులో. అర్థాలుండవు. పుస్తకం వేసినాయన కాగితం పొదుపు చేయాలనుకున్నాడో ఏమో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. ఆ పుస్తకం పట్టుకుని అమ్మ ముప్ఫై రెండేళ్ళ కిందట నేర్చుకున్నదే ఇప్పటికీ చదువుతోంది. చదివేది అనాలి. మధ్యలో నేనొకణ్ణి వచ్చాను.

ఆ దువాలో "ఇల్లా అంత" అని రెండు మాటలున్నాయి. ఇల్లా అంటే తప్ప. అంత అంటే నువ్వు. నువ్వు తప్ప అని. పుస్తకంలో రెండూ కలిసి ఉన్నాయి. అమ్మ వాటిని కలిపి, మన సంధి సూత్రాల ప్రకారమే, "ఇల్లంతా" అని చదివేది.

నాకు ఆ అర్థం పుట్టుకతో తెలిసిందేమీ కాదు. ఒకరోజు హైటెక్ సిటీకి పోయే ఎంఎంటీఎస్‌లో, తలుపు దగ్గర వేలాడుతూ, ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ఒక స్టేషనుకు సరిపడా పాండిత్యం అన్నమాట. అది చాలదని తెలిసి ఉంటే బాగుండేది.

మా అక్కను టోలీచౌకీలో ఇచ్చాం. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా ఉర్దూ. మంచివాళ్ళే, కానీ వాళ్ళు వస్తున్నారంటే అమ్మ రెండు రోజుల ముందు నుంచి కర్టెన్లు ఉతికేది. ఒక ఆదివారం భోజనానికి వచ్చారు. మధ్యాహ్నం నమాజు వేళ అమ్మా, అక్క అత్తగారూ లోపలి గదిలో పక్కపక్కన జానమాజులు, అంటే నమాజు చాపలు, పరుచుకుని చదువుకున్నారు. బయట మేం కూర్చున్నాం. అమ్మ గొంతు మామూలుగానే వినిపించింది. ఇల్లంతా.

తర్వాత టీ. టీ దగ్గర మాటలు అయిపోయాయి. ఉర్దూ తెలిసినవాళ్ళకు తెలుగు తక్కువ, తెలుగు వాళ్ళకు ఉర్దూ తక్కువ. అందరూ బిస్కెట్ల వైపు చూస్తున్నారు. నాకు అటువంటి నిశ్శబ్దం పడదు. ఎక్కడైనా మాటలు ఆగిపోతే నన్నే ఎవరో పిలిచినట్టు ఉంటుంది.

"మా అమ్మ రోజుకు ఐదుసార్లు అల్లాకు మా ఇంటి కొలతలు చెబుతుంది, తెలుసా బావా?" అన్నాను.

బావ టీ కప్పు దించాడు. నేను కొనసాగించాను. "పాపాలు క్షమించేది ఎవరయ్యా అంటే, నువ్వు తప్ప ఎవరూ లేరు అనాలి. ఇల్లా అంత. అమ్మ ఇల్లంతా అంటుంది. హాలు, వంటగది, బాల్కనీలో బట్టలారేసే దండెం, అన్నీ కలిపి." అమ్మ గొంతు అనుకరించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చదివి చూపించాను కూడా.

అక్క తన అత్తగారికి ఉర్దూలో చెప్పింది. పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించి, "పూరా ఘర్?" అంది. అంతే, నవ్వు ఆపుకోలేకపోయింది. "హాయ్ అల్లా, పూరా ఘర్!" అని దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. బావకు పొలమారింది. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. "నాకేం తెలుసు, పుస్తకంలో అట్టా ఉంది మరి" అని నవ్వుతూనే ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. అక్క నా తొడ మీద గిల్లింది, కాకపోతే తన వంతు నవ్వేశాక.

ఆ రోజు నాకు చాలా సంతృప్తిగా ఉందని ఒప్పుకోవాలి. రెండు భాషల్లో నవ్వించాను.

నాలుగు రోజుల తర్వాత గానీ నాకు తేడా తెలియలేదు. ఇంటి నుంచి పని చేసే రోజు, కాల్‌లో ఉన్నాను. వెనక అమ్మ నమాజులో ఉంది, చప్పుడు లేదు. నా హెడ్‌ఫోన్‌దే తప్పనుకున్నాను. తీసి చూశాను. అమ్మ పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. చివరి కూర్చోవడం ఇలా మొదలై అలా ముగిసింది. ఆ దువా పట్టేంత సమయం లేదందులో. సలాం చెప్పి లేచి జానమాజు మడత పెట్టేసింది.

"అమ్మా, దువా చదవలేదా?"

"ఏ దువా?"

"అదే. జలమ్తు నఫ్సీ."

"అది చదవకపోయినా నమాజు అవుద్దంట. మీ అక్క అత్తగారు చెప్పింది."

"అవుతుంది, కానీ..."

"అయితే ఇంకేంది?" అని బియ్యం కడగడానికి పోయింది.

నాకప్పుడే అర్థమై ఉండాలి. నేను మాత్రం సమస్యను ఉచ్చారణగా తీసుకున్నాను. చేసేది సాఫ్ట్‌వేర్ పని కదా, ఏ గోల వచ్చినా సరిచేయడానికి ఒక అక్షరం కోసం వెతకడం అలవాటు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో దువా రాసి అల్మరా తలుపుకు అంటించాను. "ఇల్లా" ఒక లైను చివర, "అంత" కింద లైను మొదట్లో పెట్టాను, ఇక కలిసే అవకాశం లేకుండా. అమ్మ "ఇల్లా" దాకా వచ్చి లైను చివర నిలబడిపోయింది. కిందికి దిగలేదు. ఫోన్‌లో ఒక యాప్ పెట్టి అరబ్బు దేశపాయన గొంతు వినిపించాను. వేగం సగానికి తగ్గించాను. పాపం ఆయన నిద్ర మత్తులో ఉన్నవాడిలా చదివాడు. అమ్మ మూడుసార్లు శ్రద్ధగా విని, "బాగా చదువుతున్నాడురా. ఆయన్నే చదువుకోనీ" అంది.

నాకు చిరాకెత్తింది. "చిన్న తప్పమ్మా. సరిచేసుకుంటే అయిపోతుంది కదా! ముప్ఫై రెండేళ్ళు చదివినదాన్ని రెండు మాటల కోసం ఎవరైనా వదిలేస్తారా?"

అప్పుడు చెప్పింది. కోపంగా కాదు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"అంత అరబ్బీలో నాకు తెలిసిన మాట అదొక్కటే కనపడిందిరా. ఇల్లంతా. క్షమాపణ దువా అని పైన రాసుంది. ఓహో, ఇల్లంతటికీ కలిపి అడగటం కాబోలు అనుకున్నా. ఆ మాట దగ్గరకొచ్చినప్పుడల్లా ఒక్కొక్కళ్ళను తలుచుకునేదాన్ని. మీ జేజిని, మీ నాన్నను, మిమ్మల్నిద్దర్నీ. ఆమధ్య కిరాయికుండి పోయిన నర్సమ్మను కూడా. ఇప్పుడేమో నువ్వు అర్థం చెప్తివి. నా మీద నేను, నన్ను, నన్ను... మొత్తం నన్నే. ఇల్లు లేదు దాంట్లో."

ఇంకో కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది.

"మీ నాన్న పోయి ఐదేళ్ళు. రోజుకు ఐదుసార్లు అడుగుతన్నాననుకున్నా ఆయన కోసం. ఒక్కసారి కూడా అడగలేదన్నమాట."

చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది. నేను అల్మరా మీది కాగితం చూస్తూ కూర్చున్నాను. చాలా పెద్ద అక్షరాలతో రాశాను దాన్ని, పైగా ఎర్ర స్కెచ్ పెన్నుతో.

నాన్న పరుపులు కుట్టేవాడు. దూది ఏకి, బొంతలు, పరుపులు కుట్టి, ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. ఎంత దులుపుకున్నా ఒంటి మీద దూది పీచు ఉండేది. మసీదులో పక్కవాళ్ళ బట్టలకు అంటుతుందని ఎప్పుడూ చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడేవాడు. అటువంటి మనిషి కోసం ఐదేళ్ళుగా జరుగుతోందని అమ్మ నమ్మిన ఒకే ఒక్క పనిని, బిస్కెట్ల పళ్ళెం ముందు కూర్చుని నేను రద్దు చేశాను.

ఆఫీసులో నమాజుకు ఒక గది ఉంది. పేరు వెల్‌నెస్ రూమ్. క్యాలెండర్‌లో పావుగంట చొప్పున బుక్ చేసుకోవాలి. నేను ఎప్పుడు బుక్ చేసినా అందులో మసాజ్ కుర్చీలో ఎవరో ఒకరు నోరు తెరుచుకుని నిద్రపోతుంటారు. లేపితే పాపం, లేపకపోతే గురక. అందుకని తొమ్మిదో అంతస్తు మెట్ల మలుపులో, మంటలొస్తే పారిపోయే తలుపు పక్కన చదువుకుంటాను. ఆ వారం అక్కడ నాకు కూడా ఆ దువా సాగలేదు. "ఇల్లా" దాకా రావడం, నా వెధవ జోకు నాకే వినబడటం, ఒకరోజు నవ్వు రావడం, ఇంకోరోజు నాన్న గోడకు ఆనుకుని కనబడటం. జోకు కూడా జలుబులాంటిదే. ముందు అంటుకునేది తెచ్చినవాడికే, కాకపోతే వాడికి తుమ్ములు ఆలస్యంగా మొదలవుతాయి.

పక్క సీటులో కూర్చునే కుర్రాడిది శేరిలింగంపల్లే. వాళ్ళ తాతల నాటి నుంచి అక్కడే. నా ముఖం చూసి, "ఏందన్నా, గిట్ల కూసున్నవ్? బిల్డ్ పగిలిందా?" అన్నాడు.

జరిగింది చెప్పాను. జోకు దగ్గర వాడు నవ్వాడు. అందరూ నవ్వుతారు, అదే దరిద్రం. మిగతాది విని ఆగిపోయాడు.

"మా అమ్మ గూడ పొద్దుగాల్ల స్తోత్రం సదువుతది. తప్పులే ఉంటయంట. మా మామ చెప్పిండు."

"నువ్వేమన్నావు మరి?"

"నేనేమంట? నాకు ఏది తప్పో తెల్వది గద." కుర్చీ నా వైపు తిప్పి, "నీకు జర ఎక్కువ తెల్సిందన్నా. అదే పరేషాన్. సారీ చెప్పి ఖతం చెయ్" అన్నాడు.

సారీ చెప్పడం వాడనుకున్నంత తేలిక కాదు. అసలు ముందు నాకు ఒక అనుమానం తీరాలి. ముప్ఫై రెండేళ్ళ నమాజులు చెల్లుతాయా లేదా? మా గల్లీ చివర చిన్న మసీదు ఉంది. అక్కడి ఇమాం సాబు కర్ణాటక వైపు నుంచి వచ్చిన మనిషి. తెలుగు కూరగాయల బళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, అందుకని ఏం చెప్పినా కాస్త తూకం వేసి చెబుతున్నట్టే ఉంటుంది. సాయంత్రం నమాజు తర్వాత పక్కన కూర్చుని నాకొచ్చిన ఉర్దూలో మొదలుపెట్టాను. ఆయన రెండు వాక్యాలు విని, "తెలుగులోనే చెప్పు బాబూ, నాకు తక్లీఫ్ తక్కువ" అన్నాడు.

చెప్పాను. ఇల్లంతా దగ్గర ఆయన గడ్డం కదిలింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు ఊగాయి. "అస్తగ్‌ఫిరుల్లా" అని తనకు తానే చెంప మీద వేసుకుని, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అమ్మ తెలిసి చదివిందా తప్పు?"

"లేదు."

"అయితే ఫికర్ లేదు. దిల్‌లో ఏం పెట్టి అడిగిందో పైన ముట్టి ఉంటది. నమాజులు పోలేదు. ఇగ నీ సంగతి చెప్పు."

"నాదేముంది? నేను కూడా అదే దువా చదువుతున్నాను. మాఫీ అడుగుతున్నాను."

"ఎవరిని?"

"అల్లాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ మీద నువ్వు చేసిన జులుంకు ఆ దువా ఉంది. అమ్మ మీద చేసినదానికి అమ్మనే అడగాలె. బందాకు, అంటే మనిషికి, బాకీ ఉన్నది ఆ బందానే మాఫ్ చెయ్యాలె. అక్కడ అయిపోయినంక ఇక్కడికి రా." పోతూ పోతూ, తల్లిదండ్రులను, విశ్వాసులందరినీ కలిపి క్షమ అడిగే వేరే దువా ఒకటి ఉందని, చాలామంది నమాజులో అదే చదువుతారని చెప్పాడు.

నాకు రెండో మాటే బాగా నచ్చింది. మొదటి మాటలో కష్టం ఉంది, రెండోదాంట్లో కాగితం, స్కెచ్ పెన్ను ఉన్నాయి. ఈసారి నీలం రంగు వాడాను. అమ్మ ముందు పెట్టి ఉత్సాహంగా వివరించాను. "దీంట్లో ఇంట్లోవాళ్ళు కూడా ఉన్నారమ్మా. నేను, మా అమ్మానాన్నలు, నమ్మినవాళ్ళందరూ. అందరికీ వచ్చేస్తుంది."

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వేలుతో కూడబలుక్కుని చదివింది. "అమ్మానాన్నా ఉన్నారు. బాగుంది. మొగుడేడీ?"

"మొగుడు... నమ్మినవాళ్ళందరిలో వస్తాడు."

"అంత గుంపులో మీ నాన్న కనపడతాడంట్రా? చివరి వరసలో ఎక్కడో నిలబడుంటాడు. పేరు పెట్టి పిలిచినా పలకడు ఆయన."

నా దగ్గర ఇంకో రంగు లేదు.

ఇక మిగిలింది సారీ. మొదటిసారి టిఫిన్ దగ్గర అడిగాను. "అమ్మా, ఆ రోజు జోకు కాస్త ఎక్కువైంది, నీ కోడెలాంటి కొడుకును క్షమించు" అన్నాను. అమ్మ నవ్వి ఇంకో దోశ వేసింది. రెండోసారి ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టాను, చేతులు జోడించిన బొమ్మతో. "పాలు తీసుకురా" అని జవాబొచ్చింది. మూడోసారి తలుపు దగ్గర చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశాను. పైవాటా ట్యూషన్ పిల్లలు మెట్ల మీద ఆగి లెక్కపెట్టారు.

"నీ మీద నాకేం కోపంరా?" అంది అమ్మ, ప్రతిసారీ.

అదే నా ప్రాణానికి వచ్చింది. కోపం ఉంటే తిట్టొచ్చు. తిడితే పడొచ్చు, పడ్డాక లేవొచ్చు. కోపమే లేనివాళ్ళ దగ్గర మాఫీ తీసుకోవడం ఎలా? బాకీ కట్టే ఆఫీసులో కిటికీ తెరిచే ఉంటుంది, మనిషి కూర్చునే ఉంటుంది, "మీ పేరు మీద ఏమీ లేదండీ" అంటుంది. నమాజు మాత్రం ఇలా మొదలై అలా ముగుస్తుంది. నేను పక్కగదిలో కూర్చుని, సిగ్గు లేకుండా, గోడ గడియారం వంక చూస్తూ ఆ చివరి కూర్చోవడాన్ని కొలుస్తుంటాను. ఒక దువాకు సరిపడా ఏనాడూ లేదు.

ఒకరోజు ఆఫీసులో ఏదో చిరాకు పడి వచ్చి, గట్టిగానే అరిచాను. "ఇంకెన్నిసార్లు అడగాలి చెప్పు! కాళ్ళు పట్టుకోమంటావా?"

అమ్మ వీధి తలుపు మూసి వచ్చింది. "నువ్వు క్షమించమని అడిగినా నవ్వొచ్చేటట్టే అడుగుతావురా. నవ్వాక నేనేం చెప్పను? అయిపోయినట్టేగా."

ఆ మాటకు కూడా నా నోటికి ఒక జోకు వచ్చింది. మింగాను.

ఆ శనివారం సాయంత్రం వాన. బోరబండ వాన అంటే గల్లీ నడుం లోతు నీళ్ళతో నిండి, ఆటోలు పడవల మాదిరి అడ్డం తిరిగి నిలబడటం. మసీదుకు పోయే దారి లేదు. వెల్డింగ్ షాపు కట్టేశారు. ట్యూషన్ లేదు. కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ పోయింది. అమ్మ రెండు జానమాజులు తెచ్చి ఒకటి ముందు, ఒకటి వెనక పరిచింది.

"ఇవాళ నువ్వు ముందు నిలబడు. జమాత్‌గా, కలిసి చదువుకుందాం."

"నేనా?"

"ఇంకెవరున్నారు ఇంట్లో?"

ముందు నిలబడ్డాను. ఎదురుగా అల్మరా, దాని మీద ఎరుపు, నీలం కాగితాలు. సాయంత్రం నమాజులో మొదటి రెండు భాగాలు పైకి చదవాలి. అప్పుడు గుర్తొచ్చింది, నేను చదివే ప్రతి అక్షరం అమ్మ వింటుందని. రెండో భాగంలో, చిన్నప్పటి నుంచి వచ్చిన చిన్న ఖురాన్ అధ్యాయంలోనే, ఒక వాక్యం ఎగిరిపోయింది. నాకు తెలియనే లేదు. వెనక నుంచి చప్పుడు వినబడింది. ముందు నిలబడ్డవాడు తప్పు చేస్తే మగవాళ్ళు "సుభానల్లా" అంటారు, ఆడవాళ్ళు చేతి మీద చేత్తో తడతారు. ఒక్కసారి తట్టింది అమ్మ, చాలా మెల్లగా. చదువులో వెనక్కి వెళ్ళి వదిలిన వాక్యం అందుకున్నాను. ఆ ఒక్క చప్పుడే. నవ్వలేదు. టోలీచౌకీకి ఫోన్ చేసి ఎవరికీ చెప్పలేదు, ఈ రోజుకీ.

చివర్లో కూర్చున్నాం. ఇక్కడంతా లోలోపలే చదువుకోవాలి. నేను నా వంతు చదివాను. "ఇల్లా" దగ్గర ఆగాను, "అంత" అన్నాను. అయిపోయింది. ఇక సలాం చెప్పాలి. కానీ ముందున్నవాడు సలాం చెబితే వెనకున్నవాళ్ళు కూడా ముగించాలి. అమ్మ ఒకవేళ ఇవాళ చదువుతుంటే? మధ్యలో తెంపేస్తే? ఆగాను. వెనక్కి తిరిగి చూడకూడదు. పెదవుల చప్పుడు వింటే తెలుస్తుందేమోనని చెవులు రిక్కించాను. వాన తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి చదివాను. ఇంకోసారి. కాళ్ళు తిమ్మిరెక్కాయి. జోకు వేసేవాడికి ఎదుటి ముఖం కావాలి, నా ఎదుట ఉన్నది అల్మరా. ఎన్నిసార్లు చదివానో తెలియదు. చివరికి ఇక కూర్చోలేక కుడివైపుకు, ఎడమవైపుకు సలాం చెప్పాను.

"ఏరా, నిద్రపోయినావా?" అంది వెనక నుంచి.

"నువ్వు చదువుతున్నావేమోనని ఆగాను."

"నాది ఎప్పుడో అయింది. నీకోసమే చూస్తన్నా."

"ఏం చదివావు?"

"నీకెందుకు? మళ్ళా ఎవరికన్నా చెప్పటానికా?"

నేను అల్మరా వైపే చూస్తూ కూర్చున్నాను. "తప్పు చేశానమ్మా," అన్నాను. "నాన్న సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా, అందరి ముందు నీ నమాజు మీద నవ్వించకుండా ఉండాల్సింది. క్షమించు."

వాన కాస్త తగ్గింది.

"ఇటు తిరిగి చెప్పు," అంది అమ్మ.

తిరిగి చెప్పు అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఇంకో రోజైతే ఆ రెంటి మీదా ఏదో ఒకటి అనేవాణ్ణి. తిరిగాను. తిరిగి చెప్పాను. చీకట్లో అమ్మ ముఖం సరిగా కనబడలేదు, తల మీది కొంగు మాత్రం తెల్లగా కనబడింది.

"ఊఁ," అంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, జానమాజు మడిచి చంకలో పెట్టుకుంది. తలుపు దాకా పోయి ఆగింది.

"ఇందాక అందరికీ కలిపే అడిగాన్లే," అంది. "ఆ కొవ్వొత్తి ఎక్కడుందో చూడు."